రెక్క మడతలో

బస్సు డ్యూటీ దిగి వచ్చి
వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి
పెట్టె మూత తీశాను.
మూత మీద బకనీర్ జెట్టు
నిప్పులు కక్కుతూ ఓడ మీంచి లేస్తోంది.
లోపల మాత్రం
ప్లాస్టిక్ చట్రాలకు గుత్తులు గుత్తులుగా కాసిన
నూట తొంభై ముక్కలు, అన్నీ బూడిద రంగే.

రెక్కలు చాపాలంటే ఈ ముక్క
మడవాలంటే ఆ ముక్క
ఒకసారి అతికించాక మనసు మార్చుకోవద్దు
అంటుంది కాగితం.

లాసీమౌత్‌లో దీన్ని కట్టినవాళ్ళు అయిదుగురు.
అయిదుగురూ చాపే కట్టారు.
క్లబ్బులో మార్కులు వేసే డూగిడ్ గారికి
ఎగిరేదంటేనే మక్కువ.
నేను మడిచాను.

ఎందుకంటే మా నాన్న
తొమ్మిదేళ్ళు ఆ ఓడ మీద ఉండి
ఒక్క విమానం లేవడం కూడా తిన్నగా చూడలేదు.
ఆయన కొలువు డెక్కు కింద హ్యాంగర్లో.
పసుపు దీపాలు, కిరసనాయిలు కంపు,
రెక్కకీ రెక్కకీ నడుమ జానెడు సందు,
పక్కకు తిప్పిన ముక్కులతో
నిలబడి నిద్రపోయే గుర్రాల్లా జెట్లు.
నెత్తి మీద దడేల్‌మంటే ఒకటి పోయిందని,
ఇనుము ఈడ్చిన చప్పుడైతే ఒకటి వచ్చిందని.
పోయినవీ వచ్చినవీ లెక్క కుదిరేదాకా
ముద్ద దిగేది కాదట.

పదహారు రాత్రులు పట్టింది.
ఆవగింజంత లివరు ఒకటి పట్టకారులోంచి ఎగిరి
ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు,
బహుశా పిల్లి కడుపులో ఉంది.
ముదురు సముద్రపు రంగు మూడు పూతలు,
ఉప్పు మరకలు, మసి, తుప్పు.
నా పనితనానికి నేనే మురిసి
నాన్న ఒళ్ళో పెట్టాను.

ఆయనకు చూపు పోయి నాలుగేళ్ళు.
వేళ్ళతో చదివాడు,
ముక్కు నుంచి తోక దాకా,
తోక చివర రెండు తలుపులూ మీటి,
కొక్కెం వంపు దగ్గర కాసేపు ఆగి.
"గరుగ్గా ఉందేం?"
మురికి వేశానన్నాను.
"మురికా! రోజూ మంచినీళ్ళతో కడిగేవాళ్ళం.
మాకు తాగడానికి లేకపోయినా దానికి స్నానం తప్పేది కాదు."
పక్కింటి రూరీ ఫక్కున నవ్వాడు.
తెల్లారేదాకా ఆ మురికంతా గరుకు కాగితంతో గీకాను.

మర్నాడు ఆయన వేలు
రెక్క విరిగే కీలు లోపలికి దూరింది.
"ఇక్కడ రాత ఉండాలి.
చాపితే కనబడదు, మడిస్తేనే.
ఆఫీసర్లు ఇంత కిందికి వంగరు కదా,
పేకాట పద్దులన్నీ ఇందులోనే.
రాయి: మెకాండీ, మూడు గుక్కల రమ్ము, బాకీ."

తీర్చాడా అని అడిగాను.

నాన్న జిగురు ఆరిందా అని అడిగాడు.
ఆరిందన్నాను.
కిటికీ వైపు తిరిగి
మోరే నీళ్ళ మీంచి వచ్చే గాలి వింటూ
"వాడు ఎప్పుడూ పైకెళ్ళేవాడు కాదు," అన్నాడు,
"ఆ పూట ఎవరికో ఒంట్లో బాగోలేదని వెళ్ళాడు.
పైన జెట్టు ఊపిరి తగిలితే
మనిషి గడ్డిపోచ."

ఒంటి వెంట్రుక కుంచె.
ఊపిరి బిగబట్టి
తెల్ల రంగుతో
అక్షరం పక్కన అక్షరం.
భూతద్దంలో చూసినా
చీమ నడిచిన జాడలా ఉంది.

క్లబ్బు నుంచి చీటీ వచ్చింది.
పైకే చదివాను:
రంగు బాగుంది. ఆకారం బాగుంది.
ఎడమ రెక్క మడతలో కుంచె జారిన మరక,
రెండు మార్కులు కోత.

నాన్న నవ్వాడు.
దగ్గు వచ్చేదాకా, కళ్ళు తుడుచుకునేదాకా
నవ్వుతూనే ఉన్నాడు.
బొమ్మ ఎక్కడ పెట్టమంటావన్నాను.
కిటికీ పక్క అలమార, పై అర ఖాళీగానే ఉంది,
వెలుతురు బాగా పడుతుంది.

"కింది అరలో పెట్టు," అన్నాడు,
"పైన గాలి ఎక్కువ."